కదిలిపోయే జబ్బకు కచ్చితమైన చిట్కాలు

భుజం బాగుండాలంటే ఏం చేయాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. వాళ్ల మాట వినేవాడు ఒక్కడూ లేడు. భుజం చెడాలంటే ఏం చేయాలో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు, అయినా ఆ పని అందరూ చేస్తూనే ఉన్నారు. గురువు లేడు, క్రమం లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు. దాంతో రెండేళ్లలో రావలసిన నొప్పి కొందరికి పదేళ్లయినా రావడం లేదు. ఇంత శ్రమ వృథా కావడం చూడలేక ఈ విద్యను వరుసలో పెడుతున్నాను. శ్రద్ధగా పాటిస్తే, శిక్షణ ముగిసేసరికి గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడానికి కూడా చెయ్యి లేవదు.

ముందు, చెడగొట్టబోయే వస్తువు గురించి నాలుగు ముక్కలు.

మన గురి రెక్క ఎముక మీద. వీపు పైభాగాన, వెన్నుకు చెరో పక్కా, రెండో పక్కటెముక నుంచి ఏడో పక్కటెముక దాకా పరుచుకున్న పలచని మూడు మూలల ఎముక అది. పక్కటెముకలను ఆనుకుని ఉంటుందే గానీ వాటితో దానికి అసలైన కీలు లేదు. మొండెం వైపు దానికున్న ఎముక సంబంధం ఒక్కటే: ముందువైపు కాలర్ బోన్. ఆ కాలర్ బోన్ రెండో కొస రొమ్ము మధ్య ఎముకను తాకుతుంది. చెయ్యంతటికీ మొండెంతో ఉన్న ఎముకల లంకె అంతే. మిగతాదంతా కండరాల పూచీకత్తు. పదిహేడు కండరాలు ఈ ఎముకను పట్టుకుని ఉంటాయి. తలోవైపు లాగుతూ, ఒకదాన్నొకటి సర్దుకుంటూ దాన్ని నిలబెడతాయి. వాటిలో రెండు మూడింటిని బద్ధకానికి అలవాటు చేస్తే చాలు. చెడగొట్టడానికి ఇంత అనువైన ఎముక ఒంట్లో మరొకటి దొరకదు.

ఇంకో సంగతి. చెయ్యి ఎముక తల కూర్చునే గిన్నె ఈ రెక్క ఎముక అంచు మీదే ఉంది. అందుకని చెయ్యి ఎటు పోతే గిన్నె అటు తిరగాలి. చెయ్యి పూర్తిగా తలపైకి ఎత్తితే సుమారు 180 డిగ్రీలు. అందులో భుజం కీలు ఇచ్చేది దాదాపు 120, మిగతా 60 రెక్క ఎముక తిరిగి ఇస్తుంది. ఈ పొత్తును బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో తన పుస్తకంలో ఒక లయగా చెప్పాడు; 1944లో ఇన్‌మన్, ఆయన సహచరులు కొలిచి ఆ లెక్క చెప్పారు. మనిషికీ మనిషికీ కాస్త తేడా ఉండొచ్చు గానీ లయ మాత్రం లయే. దాన్ని తప్పించడమే మన సాధన.

1. కూర్చుంటే కదలొద్దు

ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి దాని గౌరవం పెంచకండి. మంచం మీద, ఒళ్లో, దిండు మీద పెట్టుకోండి. మోచేతులకు ఆనుడు ఉండకూడదు. గడ్డం స్క్రీన్ వైపు పోవాలి, భుజాలు గడ్డాన్ని అనుసరించాలి. ఛాతీ పైభాగంలో పెక్టొరాలిస్ మైనర్ అనే చిన్న కండరం ఉంది. మూడు, నాలుగు, ఐదు పక్కటెముకల దగ్గర బయల్దేరి, రెక్క ఎముకకు ముందువైపు ఉన్న ముక్కును పట్టుకుంటుంది. అది బిగుసుకుంటే ఎముకను ముందుకు ఒరగలాగుతుంది. పేరు చిన్నదే గానీ మనకు పెద్ద సాయం చేస్తుంది.

నిటారుగా కూర్చునే అలవాటు ఉన్నవాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. నిటారుగా కూర్చునైనా సరే, మూడు గంటలు కొయ్యబారిపోతే చాలు. మన విద్యకు అసలు ముప్పు వెన్ను నిలబెట్టేవాళ్ల వల్ల లేదు. అరగంటకోసారి లేచి మంచినీళ్లు తెచ్చుకునేవాళ్ల వల్ల, ఫోన్ వస్తే నడుస్తూ మాట్లాడేవాళ్ల వల్ల, కూర్చున్న తీరును ఊరికే మారుస్తూ ఉండేవాళ్ల వల్ల ఉంది. అలాంటివాళ్లు పక్క సీట్లో ఉంటే సీటు మార్చుకోండి. అంటుకునే ప్రమాదం ఉంది.

2. చెవికీ భుజానికీ దూరం తగ్గించండి

వంకాయలు బేరమాడుతున్నా, మేనేజర్‌కు సంజాయిషీ చెబుతున్నా, ఫోన్ ఎప్పుడూ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కునే ఉండాలి. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బండి మీద అలాగే వెళ్లగలిగినవాడు మన విద్యలో పట్టభద్రుడు. పోలీసులు రాసే చలానా వేరే ఖాతా.

బ్యాగు రెండు భుజాలకూ తగిలించుకోవడం పసిపిల్లల పని. ఒక్క భుజానికే వేలాడదీయండి, రోజూ అదే భుజానికి. జారిపోకుండా ఆ భుజాన్ని పైకి ఎగదోసి పట్టండి. దీనివల్ల మెడ పక్కనుండే ట్రెపీజియస్ పై భాగం పొద్దస్తమానం కాపలా కాస్తుంది. ఆ కండరానికే కింది భాగం ఒకటుంది. వీపు మధ్య నుంచి వచ్చి రెక్క ఎముకను కిందినుంచి సర్దుతుంది. పైవాడు అన్ని పనులూ మీదేసుకుంటే కిందివాడు పని మరిచిపోతాడు. ఏ ఆఫీసులో చూసినా ఇదే కథ.

3. అద్దంలో కనిపించేదే కండరం

జిమ్‌లో అద్దాలు ముందుగోడకు ఎందుకు పెడతారు? మన ముందుభాగం చూసుకోవడానికి. వీపు చూసేది వెనక నిలబడ్డవాళ్లు. వాళ్ల కోసం మనం ఎందుకు కష్టపడాలి?

కాబట్టి సోమవారం బెంచ్ ప్రెస్. మంగళవారం బెంచ్ ప్రెస్ ఖాళీ లేకపోతే డంబెల్స్‌తో అదే. బుధవారం బైసెప్స్. గురువారం మళ్లీ ఛాతీ, ఎందుకంటే పెళ్లి దగ్గర పడుతోంది. నెట్టే వ్యాయామాలన్నీ చేయండి, లాగే వ్యాయామం ఒక్కటీ చేయకండి. కిటికీ ఊచకో, గట్టిగా బిగించిన తలుపు పిడికో రబ్బరు బ్యాండ్ తగిలించి, మోచేతులను నడుము పక్కగా వెనక్కి లాగి, ఒక క్షణం ఆగి, మెల్లగా వదిలేవాళ్లను చూస్తే నవ్వండి. ఆ ఒక్క పనితో ట్రెపీజియస్ మధ్యభాగం, రెండు రెక్క ఎముకల నడుమనుండే రాంబాయిడ్స్ లేచి కూర్చుంటాయి. అవి లేచాయంటే ముందునుంచి ఛాతీ లాగినప్పుడల్లా వెనకనుంచి పట్టి ఆపుతాయి. మన కష్టమంతా బూడిదలో పోసినట్టే.

వ్యాయామశాలల కాలం గుర్తుచేసి పెద్దవాళ్లు ఎవరైనా నీతులు చెబితే, వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడి పేరు మీరే ముందు ఎత్తండి. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంపాడని చెప్పుకునే ఘట్టం ఒక్కటే చెప్పండి. గొలుసు దాకా వెళ్లడానికి ముందు ఏళ్ల తరబడి తీసిన దండీలు, బస్కీలు ఎవరికీ గుర్తు చేయకండి. మీరు సరాసరి గొలుసు దగ్గరే మొదలుపెట్టండి.

4. బరువు తగ్గిస్తే పరువు తక్కువ

ఫిజియోథెరపిస్టులు చెప్పే వ్యాయామాల్లో ఒక వరస ఉంది: మంచం మీద బోర్లా పడుకుని, చేతులు రెండూ వై ఆకారంలో, తర్వాత టీ ఆకారంలో, తర్వాత డబ్ల్యూ ఆకారంలో పెట్టి, బొటనవేళ్లు పైకప్పు వైపు చూపిస్తూ, చేతుల్ని జానెడెత్తు లేపి దించడం. భుజాలు చెవుల వైపు ఎగదోయకూడదట, మెడ బిగించకూడదట. మొదట ఖాళీ చేతులతో, తర్వాత కావాలంటే అర లీటరు నీళ్ల సీసాతో. ఒక్కో ఆకారానికి పదిసార్లు.

ఖాళీ చేతులతో వ్యాయామమా! ఇది బయటికి తెలిస్తే జిమ్‌లో తల ఎత్తుకుని తిరగలేం. అందుకని మొదటిరోజే ఐదు కిలోల డంబెల్స్ పుచ్చుకోండి. అంత బరువును ట్రెపీజియస్ కింది భాగం మొయ్యలేదు. వెంటనే మెడ కండరాలు సాయానికి పరిగెత్తుకొస్తాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, నడుము విల్లులా వంగుతుంది. ఏ కండరానికి పని చెప్పాలని మొదలుపెట్టారో అది హాయిగా నిద్రపోతుంది. ఎత్తిన కిలోలు మాత్రం లెక్కలోకి వస్తాయి. లెక్కే కదా ముఖ్యం.

5. గోడను నెట్టే పిచ్చిపని ముట్టుకోవద్దు

మన విద్యకు మొదటి శత్రువు పేరు సెరేటస్ యాంటీరియర్. చంక కింద, పక్కటెముకల మీద రంపపు పళ్లలా కనిపిస్తుంది. పై ఎనిమిది, తొమ్మిది పక్కటెముకల దగ్గర పుట్టి, రెక్క ఎముక కిందనుంచి దూరి, వెన్ను వైపు అంచును పట్టుకుంటుంది. రెక్క ఎముకను పక్కటెముకలకు అదిమి ఉంచేదీ, చెయ్యి ఎత్తినప్పుడు దాన్ని తిప్పేదీ ప్రధానంగా ఇదే. దానికి పని చెప్పే పొడవాటి నరం మెడలో పుట్టి పక్కటెముకల మీదుగా దిగుతుంది. ఆ నరం దెబ్బతిన్నవాళ్లు గోడను నెడితే రెక్క ఎముక అంచు వీపు మీద లేచి నిలబడుతుంది. మనకు నరం దెబ్బతినే అదృష్టం అక్కర్లేదు, కండరాన్ని సోమరిని చేస్తే చాలు.

దాన్ని సోమరితనం నుంచి లేపే వ్యాయామం ఎంత చప్పగా ఉంటుందో చూడండి. గోడకు చేతులు చాచి, అరచేతులు భుజాల ఎత్తులో ఆనించి నిలబడతారు. మోచేతులు వంచరు. ఛాతీని గోడ వైపు కాస్త జారనిస్తారు, రెక్క ఎముకలు వెనక ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఆపై గోడను దూరంగా నెట్టినట్టు నెడతారు, వీపు పైభాగం వెనక్కి ఉబ్బుతుంది, రెక్క ఎముకలు దూరమవుతాయి. కదిలిందెంత? రెండు మూడు వేళ్ల వెడల్పు. అలా పది, పదిహేనుసార్లు. గోడ తేలికైపోతే డైనింగ్ టేబుల్ అంచు, అదీ తేలికైతే నేల మీద. నేల మీద దండీ తీసి లేచాక చివర్లో ఇంకొక్క నెట్టు నెడతారు.

చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది. వీడియో తీస్తే లైకులు రావు. చెమట పట్టదు. ఇన్ని లోపాలున్న వ్యాయామం ఎవరికి కావాలి? అదీగాక బాగా పనిచేస్తుంది. ఆ ఒక్క కారణం చాలు దూరంగా ఉండటానికి.

6. స్థిరం అంటే బిగింపే అనుకోండి

ఇది మా విద్యకు గుండెకాయ. మిగతా చిట్కాలు బద్ధకస్తుల కోసం. ఇది శ్రద్ధాళువుల కోసం. మంచి సలహా వేషంలో వస్తుంది గనక చదువుకున్నవాళ్లు కూడా పడిపోతారు.

‘‘భుజాలు వెనక్కి, కిందికి’’ అని ఏ కోచో ఎప్పుడో, బరువు లాగే సందర్భంలో చెప్పి ఉంటాడు. సందర్భం మరిచిపోండి, మాట మాత్రం తాయెత్తులా కట్టుకోండి. నడిచేటప్పుడు భుజాలు వెనక్కి, కిందికి. టీ తాగేటప్పుడు వెనక్కి, కిందికి. అటక మీది డబ్బా అందుకునేటప్పుడు కూడా రెక్క ఎముకలను మేకు కొట్టినట్టు బిగించి, అప్పుడు చెయ్యెత్తండి.

ఏమవుతుంది? చెయ్యెత్తాలంటే రెక్క ఎముక కింది మూల బయటికీ పైకీ తిరగాలి, గిన్నె పైకి చూడాలి, ఎముక కాస్త వెనక్కి ఒరగాలి. ట్రెపీజియస్ పైభాగం, కింది భాగం, సెరేటస్ మూడూ కలిసి ఈ పని చేస్తాయి. మీరు దాన్ని కట్టేస్తే ఆ 60 డిగ్రీలు ఎక్కడినుంచి వస్తాయి? చెయ్యి మధ్యలో మొరాయిస్తుంది. మిగతా ఎత్తు నడుము వెనక్కి వంచి తెచ్చుకోవలసి వస్తుంది. అంటే ఒకే దెబ్బకు భుజం, నడుము రెండూ మన ఖాతాలో పడతాయి.

దీనికి విరుగుడుగా కొందరు గోడకు ఎదురుగా నిలబడి, ముంజేతులు రెండూ ఆనించి, గోడను కాస్త నొక్కుతూ చేతుల్ని మెల్లగా పైకి జారుస్తారు. పైకి పోయేకొద్దీ భుజాలనూ పోనిస్తారు, అంతే మెల్లగా దింపుతారు. ఆ మనుషులకు ఒక ప్రమాదకరమైన నమ్మకం ఉంది: రెక్క ఎముక స్థిరంగా ఉండటమంటే కదలకుండా ఉండటం కాదట, కదలవలసినప్పుడు కదలవలసినంత కదిలి, తిరిగి తన చోటికి అదుపులో రావడమట. ఈ ఒక్క మాట జనానికి తెలిస్తే మా విద్య మూతపడుతుంది. అందుకని ఎవరికీ చెప్పకండి.

7. ఆదివారం ఒక్కరోజే హీరో

వారమంతా కుర్చీలో గడిపి, ఆదివారం పొద్దున్నే గ్రౌండ్‌లో దిగి, మొదటి బంతే గంటకు నూటముప్పై కిలోమీటర్ల వేగంతో వేయాలన్న పట్టుదల ఉండాలి. వేగం రాకపోయినా పట్టుదల ముఖ్యం. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లైతే ఇంకా మేలు. సింధు ఊళ్లో ఉంటున్నామన్న గౌరవానికైనా మొదటి షటిల్‌నే స్మాష్ కొట్టాలి.

బంతి వేగమైనా, స్మాష్ బలమైనా కాళ్లలో, నడుములో పుట్టి, రెక్క ఎముక మీదుగా చేతికి చేరుతుంది. ఆ ఎముక దగ్గర పట్టు లేకుండా చేతిని విసరడం తోపుడుబండి మీద నిచ్చెన వేసి ఇంటికి సున్నం కొట్టడం లాంటిది. మేస్త్రీ ఎంత మొనగాడైనా బండి జరుగుతుంది. అయితే మనం కోరుకునేది సరిగ్గా అదే గనక, కింది సూచనలు పాటించండి: ఒళ్లు వేడెక్కించుకోకండి. పోయిన వారం రెండు ఓవర్లు వేస్తే ఈ వారం పది వేయండి. వారం మధ్యలో నాలుగు తేలిక బంతులైనా వేయకండి. సోమవారం చెయ్యి లేవకపోతే దాన్ని వీరగాయంగా ఆఫీసులో ప్రకటించండి. మళ్లీ ఆదివారం అదే చెయ్యి.

8. నొప్పి ఉన్నచోటే నొక్కించండి

రెండు రెక్కల మధ్య పట్టేసింది. ఏం చేయాలి? అక్కడే నొక్కించాలి. నరం పట్టేసిందని ఒకరు, వాయువని ఒకరు, దిష్టి అని ఒకరు అంటారు. ముగ్గురి మాటా వినండి, ముగ్గురి దగ్గరా వైద్యం చేయించుకోండి. మర్దన చేయించుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుంది; ఆ హాయినే నయం కావడమని పొరబడాలి. లాగి లాగి అలిసిపోయిన వీపు కండరాలను రోజూ ఇంకా సాగదీయండి. వాటికి బలం కావాలేమో అన్న అనుమానం రానివ్వకండి.

సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ పట్టుకుని కటుక్కుమనిపిస్తారే, అది అడిగి మరీ చేయించుకోండి. మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు ఎముకల రంధ్రాల్లోంచే పోతాయనీ, అలా విరిస్తే అవి చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయనీ డాక్టర్లు బెదిరిస్తారు. పది రూపాయలు ఎక్కువిచ్చి ఆ బెదిరింపును పక్కన పెట్టేవాళ్లు మా పక్షం. నొప్పి బిళ్లలు మందులషాపు కుర్రాడిని అడిగి వారాల తరబడి వేసుకోండి. కడుపులో పుండు, కిడ్నీల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

9. ఇంటిపనే వ్యాయామం అనండి

‘‘ఇల్లు ఊడ్చి, బట్టలుతికి, వంట చేసే మనిషికి వేరే వ్యాయామం ఎందుకు?’’ ఈ మాట ఆడవాళ్ల దగ్గర మగవాళ్లు అంటే ఇంకా శోభిస్తుంది. ఇంటిపనిలో శ్రమ నిజమే. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లలో ఆ శ్రమ రెండింతలు కూడా. కానీ ఆ పనంతా ఎక్కడ జరుగుతోందో గమనించకండి: నడుముకీ ఛాతీకీ మధ్య, చేతులు ముందుకు పెట్టి, తల దించి. కూర తరగడం, పిండి కలపడం, గిన్నెలు తోమడం, పిల్లాణ్ని ఎత్తుకోవడం అన్నీ ముందువైపే. వెనక్కి లాగే పని గిలకబావులతోపాటే చాలా ఇళ్లలోంచి పోయింది. తలపైకి చేతులెత్తేది దండెం మీద చీర ఆరేసేటప్పుడే. ఇప్పుడు దానికీ స్టాండ్ వచ్చింది.

నలభై దాటాక జడ వేసుకోవడానికి చెయ్యి లేవట్లేదని, జాకెట్టు హుక్కు అందట్లేదని అంటే, ‘‘వయసు, అంతే’’ అని తేల్చేయండి. భుజం బిగుసుకుపోయే జబ్బు నలభై, అరవై ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుందనీ, షుగరు ఉన్నవాళ్లకు మిగతావాళ్లకంటే ఎక్కువనీ తెలిసినా షుగరు పరీక్ష చేయించకండి. చేతిని ఒంటికి అతికించి కదపకుండా దాచుకోమనండి. అప్పుడు కీలు ఇంకా బిగుస్తుంది, ఆ లోటు తీర్చడానికి రెక్క ఎముక భుజాన్నంతా ఎగదోయడం నేర్చుకుంటుంది. ఒక సమస్య ఇలా రెండవడమే ఈ చిట్కాకు పరమార్థం.

10. మూడోరోజు మానేయండి

ఇంత చెప్పినా కొందరికి బాగుపడాలన్న బుద్ధి పుడుతుంది. పుట్టనివ్వండి. దాన్ని చంపడానికి పద్ధతి ఉంది. మొదటిరోజు పది రకాల వ్యాయామాలు గంటన్నర చేయండి. రెండోరోజు ఒళ్లునొప్పులతో అరగంట. మూడోరోజు, ‘‘చేశాం కదా, ఏం తగ్గలేదు’’ అని మానేయండి.

ఫిజియోథెరపిస్టులు చెప్పే పద్ధతి దీనికి పూర్తి విరుద్ధం. మూడు, నాలుగు వ్యాయామాలే: ఒక నెట్టుడు, ఒక లాగుడు, ఒక ఎత్తుడు. వారానికి మూడు రోజులు, ఒక్కోటి పది నుంచి పదిహేనుసార్లు, రెండు మూడు విడతలు. కొద్దిపాటి నొప్పి వచ్చినా మర్నాటికి సర్దుకుంటే కొనసాగించడం, సర్దుకోకపోతే కాస్త తగ్గించడం. తేలికైతే కాస్త పెంచడం. ఇలా ఆరు నుంచి పన్నెండు వారాలు. పన్నెండు వారాలు! ఆ వ్యవధిలో భుజం నొప్పి మీద రీల్స్ ఎన్ని దాచుకోవచ్చు! దాచుకున్న రీల్స్‌ను మళ్లీ చూడక్కర్లేదు. దాచుకోవడంతోనే సగం తగ్గినట్టు అనిపించాలి.

ఎంతవరకు వచ్చారో చూసుకోవడం

ఇంట్లో ఒకరిని వెనక నిలబెట్టి, చొక్కా తీసి, రెండు చేతులూ మెల్లగా పైకెత్తి, మెల్లగా దించండి. ఎత్తేటప్పటికంటే దించేటప్పుడు జాగ్రత్తగా చూడమనండి. అదుపు లేని రెక్క ఎముక సాధారణంగా దిగేటప్పుడే బయటపడుతుంది. అంచు లేచినా, ఉన్నట్టుండి కుదుపుతో పడినా మీకు అభినందనలు.

రెండు రెక్కల మధ్య ఏ కాస్త తేడా కనిపించినా ఫొటో తీసి, ఎర్రగీతలు గీసి, కుటుంబం గ్రూపులో పెట్టండి. ఎక్కువ వాడే చేతివైపు భుజం కాస్త కిందికి ఉండటం మామూలే అనీ, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ఇలాంటి తేడాలు కనిపిస్తాయనీ తెలిసిన డాక్టరు ఆ గ్రూపులో ఉంటే, పరీక్షకు ముందే తీసేయండి.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: వీపు నిలబెట్టే బెల్టు కొందామనుకుంటున్నాను. మంచిదేనా?
జవాబు: తప్పక కొనండి. పొద్దున్నించి రాత్రి దాకా కట్టుకోండి. కండరాలు చేయాల్సిన పని పట్టీ చేస్తుంటే కండరాలకు సెలవు. కొన్నాళ్లకు అది అరలోకి చేరుతుంది. అప్పటికి మీరు మొదలుపెట్టిన చోటే ఉంటారు. మాకు కావలసిందీ అదే.

ప్రశ్న: చెయ్యి తిప్పితే వీపులో కటకటమంటోంది. నొప్పి మాత్రం లేదు.
జవాబు: నొప్పి లేని చప్పుడు చాలావరకు పట్టించుకోనక్కర్లేనిదని ఎవరైనా అంటే నమ్మకండి. రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో వెతకండి. తెల్లారగానే స్కాన్ తీయించండి. రిపోర్టులో రాసిందల్లా జబ్బే అనుకోండి. అరవై దాటినవాళ్ల భుజంలో ఏ బాధా లేకుండానే స్నాయువు చిరుగులు కనిపించడం మామూలే. ఆ మామూలును మీరు మామూలుగా తీసుకోకూడదు.

ప్రశ్న: రోజూ సూర్య నమస్కారాలు చేస్తాను. ప్రమాదమా?
జవాబు: మా దృష్టిలో చాలా. పర్వతాసనంలో చేతులు తలపైకి చాచి నేలను నెడుతున్నారు. సెరేటస్‌కు పని, ఎముక తిరగడానికి పని, రెండూ అయిపోతున్నాయి. ఒక్కటే ఊరట: అందులో లాగే పని లేదు. ఎవరైనా వచ్చి దానికి తోడుగా ఆ రబ్బరు బ్యాండ్ కూడా లాగమంటే తలుపేసుకోండి.

ఒక మినహాయింపు

ఈ విద్యకు దీర్ఘకాలిక శిష్యులు కావాలి. నాలుగు రోజుల్లో పోయేవాళ్లు మాకు నష్టం. అందుకని కొన్ని సందర్భాల్లో పై చిట్కాలన్నీ పక్కనపెట్టండి. ఎడమ భుజం, చెయ్యి, దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది రెక్క ఎముక గొడవ కాకపోవచ్చు. 108కి ఫోన్ చేయండి, బామ్ వెతకొద్దు. నూనెవంటలు తిన్నాక కుడి డొక్క పైభాగాన మొదలై కుడి రెక్క కిందికి పాకే నొప్పి పిత్తాశయానిది కావచ్చు. కిందపడ్డాకో, బండి దెబ్బ తగిలాకో చెయ్యి లేవకపోయినా, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ఉన్నట్టుండి ఒక పక్క రెక్క ఎముక లేచి నిలబడినా, జ్వరంతోనో బరువు తగ్గుతూనో రాత్రుళ్లు నొప్పి నిద్ర లేపుతున్నా వెంటనే డాక్టరును కలవండి. బాగుపడి తిరిగొచ్చాక మన పాఠాలు ఎలాగూ ఉంటాయి.

చివరిగా ఒక హెచ్చరిక. మన శిష్యుల్లో అప్పుడప్పుడు ద్రోహులు తయారవుతారు. పాలు పొంగేదాకా ఊరికే నిలబడటం ఎందుకని వంటింటి గోడను పదిసార్లు నెట్టడం మొదలుపెడతారు. కొన్నాళ్లకు కిటికీ ఊచకు రబ్బరు బ్యాండ్ కడతారు. మూడు నెలలు తిరిగేసరికి అటక మీది డబ్బా స్టూలేసుకుని తామే దించుకుంటారు. అడిగితే, ఖర్చేమీ కాలేదంటారు. ఇలాంటివాళ్ల మాట వింటే బెల్టుల వ్యాపారం, బామ్‌ల వ్యాపారం, మా వ్యాపారం ఏమైపోవాలి? గోడ ప్రతి ఇంట్లోనూ ఉంది, రోజుకు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, ఫీజు అడగదు. ఇంత అనుమానాస్పదమైన వైద్యాన్ని తెలివైనవాళ్లు నమ్మరు. మీరు తెలివైనవాళ్లన్న ధైర్యంతోనే ఇదంతా రాశాను.